మంచుల బండి తోలినవా?

పోయిన చలికాలం దోహాలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, అల్లుడు మమ్మల్నందరినీ ఒక మాల్‌కి తీసుకెళ్ళాడు. ఉమ్ ఘువైలినాలో వాళ్ళ ఫ్లాటుకి అదేమంత దూరం కాదు. మాల్ లోపల ఒక పెద్ద హాలు నిండా మంచు పోసి పెట్టారు. గుమ్మం దగ్గర జాకెట్లు, బూట్లు అద్దెకిస్తారు. పిల్లలు ప్లాస్టిక్ పళ్ళేల మీద కూర్చుని కింద దాకా జారి, మళ్ళీ పైకి ఎక్కి, మళ్ళీ జారుతున్నారు. మా మనవరాలు ఒక మంచుముద్ద తెచ్చి నా అరచేతిలో పెట్టి, "తాతా, ఫస్ట్ టైమా?" అని అడిగింది. "కాదమ్మా, నేను మంచులో కారు నడిపాను. ఈ దోహా నుంచే బయల్దేరి వెళ్ళాను" అన్నాను. అది నమ్మకంగా తలూపింది గానీ, మా అమ్మాయి మాత్రం అల్లుడి వైపు తిరిగి, "నాన్నకు ఈ మధ్య అన్నీ కలగాపులగం అయిపోతున్నాయి" అని మెల్లగా చెప్పింది. నాకు వినపడింది. కోపమొచ్చింది. కలగాపులగం అవడం ఈ మధ్య మొదలైన సంగతేం కాదు. ఆ ప్రయాణం జరుగుతున్నప్పుడే నాకు అంతా కలగాపులగంగా ఉండింది. ఏ మాటకు ఏది అర్థమో తెలియకుండా కొండెక్కి దిగి వచ్చినవాణ్ణి నేను.

చమురు డబ్బు కొత్తగా పొంగుతున్న రోజులవి. నేను అప్పుడే ఇరవై దాటిన కుర్రాణ్ణి. దోహా మొత్తం తవ్వి పోసి ఉండేది. పొద్దున ఏ రోడ్డు మీద కారు తీసుకుని బజారుకి వెళ్ళానో, సాయంత్రానికి ఆ రోడ్డు ఉండేది కాదు. నిన్న కుడివైపు తిరిగిన చోట ఇవాళ గొయ్యి, మొన్న గొయ్యి ఉన్న చోట ఇవాళ బ్యాంకు. ఊళ్ళో మావాళ్ళు "రాజం దుబాయ్‌ల ఉన్నడు" అని చెప్పుకునేవాళ్ళు. నేను ఖతర్‌లో ఉన్నానని ఎన్నిసార్లు చెప్పినా, దుబాయ్‌లో ఖతర్ ఒక బస్తీ అయి ఉంటుందని వాళ్ళ లెక్క. వాళ్ళనేం అంటాను, నేనెక్కడ ఉన్నానో నాకే సరిగ్గా తెలిసేది కాదు.

ఇప్పుడు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అంటున్న వైపున మా అర్బాబ్ ఇల్లు. అర్బాబ్ అంటే యజమాని, నా వీసా పెట్టినవాడు. తెల్లవారక ముందే ఆ ఇంట్లో ఏలకులు దంచిన కాఫీ వాసన లేచేది. మధ్యాహ్నానికి ఎండునిమ్మకాయలు వేసి ఉడికించిన మాంసం వాసన. శుక్రవారం మాత్రం ఇల్లంతా అగరు పొగ పట్టేది, కారులో కూడా, సాయంత్రం దాకా నా చొక్కా నాది కానట్టు ఉండేది. వంట చేసేది ఖాజా చిచ్చా. చిచ్చా అంటే మా వైపు బాబాయి. ఆయనది జగిత్యాల, నాది దాని పక్కన పల్లె. అందరికీ వండి పెట్టాక మా ఇద్దరికోసం ఒక చిన్న గిన్నెలో పచ్చిపులుసు కలిపేవాడు, ఉల్లిగడ్డ చేత్తోనే నలిపి వేసేవాడు. ఆ ఇంట్లో నాకు నోరు ఆయనే. అరబ్బీలో అర్బాబ్ ఏమన్నా, చిచ్చా తెలుగులో చెబితే గానీ నాకు పని జరగదు. అయితే చిచ్చా అరబ్బీ వంటింటి అరబ్బీ. ఉప్పు, బియ్యం, మంట తగ్గించు, అతిథులొచ్చారు, ఇంతవరకు బ్రహ్మాండంగా వచ్చు. వంటింటి గడప దాటితే ఊహించి చెప్పేవాడు. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

అర్బాబ్ తండ్రిని మేమంతా బాబా అనేవాళ్ళం. వయసులో ఉండగా సముద్రంలో మునిగి ముత్యాలు ఏరినవాడు. నేను చేరేనాటికి రెండు కళ్ళకూ పొర కమ్మింది. ఇంట్లో అందరికీ ఏసీలు వచ్చినా ఆయన మాత్రం డాబా మీదే పడుకునేవాడు. పొద్దున్నే గేటు పక్క అరుగు మీద కూర్చుని, వచ్చిన ప్రతి కారు ముందు రేకు మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు, మా ఊళ్ళో గేదె వీపు నిమిరినట్టు. అది బాగా కాలితే నావైపు తిరిగి ఏదో గొణిగేవాడు. తొందరగా నడిపానని తిడుతున్నాడా, మంచి ఇంజను అని మెచ్చుకుంటున్నాడా నాకు తెలిసేది కాదు. రెంటికీ నవ్వేవాణ్ణి. రాజం అనే పేరు ఆయనకు తిరగక, రజబ్ అని పిలిచేవాడు.

ఒకనాడు భోజనాలయ్యాక అర్బాబ్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నన్ను చూపిస్తూ చిచ్చాను ఏదో అడిగాడు. అందులో తల్జ్ అన్న మాట రెండుసార్లు వచ్చింది. చిచ్చా కాసేపు ఆలోచించాడు. ఆయనకు తెలిసిన తల్జ్ నీళ్ళ డబ్బాలో వేసే ఐసుగడ్డ. ఐసుగడ్డల మీద కారు నడపడమేమిటని తనలో తాను తర్కించుకుని, దానికి దగ్గరగా ఉన్న మాట ఏరుకుని నన్ను అడిగాడు.

"రాజం, నువ్వు మంచుల బండి తోలినవా అని అడుగుతుండు."

నాకు నవ్వొచ్చింది. దోహాకి రాకముందు నేను ఆదిలాబాద్ నుంచి పత్తి లారీ నడిపేవాణ్ణి. చలికాలం పొద్దున నిర్మల్ ఘాట్‌లో ముందున్న బండి వెనక లైటు కూడా కనపడని మంచు. క్లీనరు దిగి, భుజం మీద తెల్ల తువ్వాల వేసుకుని ముందు నడుస్తుంటే, ఆ తువ్వాల చూసుకుంటూ లారీ పోనిచ్చేవాణ్ణి.

"గిదేం అడుగుడు చిచ్చా. మంచుల తోలుడు నాకు కొత్తనా. ఏండ్లసంది తోలుతున్న" అన్నాను.

చిచ్చా అరబ్బీలో ఏం చెప్పాడో గానీ, అర్బాబ్ మొహం వెలిగిపోయింది. నా భుజం పట్టుకుని గట్టిగా ఊపి, కళ్ళలోకి చూసి ఏదో చెప్పి వెళ్ళిపోయాడు. చిచ్చా గిన్నె కింద పెట్టి నా పక్కన కూర్చున్నాడు. "బాబా కండ్లకు బేరూత్‌ల ఆపరేషనట. ఇమానం ఎక్కనంటుండట ముసలాయన, ఆస్మాన్ల పట్టుకునేతందుకు ఏం లేదంటుండట. అర్బాబ్, పిల్లలు ముందుగాల ఇమానంల పోతరు. బాబాను మనిద్దరం కారుల తోల్కపోవాలె. నా బాపును నీ చేతుల పెడుతున్న అన్నడు. రాజం, ముసలాయనకు ఏమన్నయితె నువ్వూ నేనూ మల్ల ఈ ఇల్లు చూడం. నా నౌకరి గూడ నీతోనే ముడివడ్డది."

కారు మామూలు ఇంటి కారు. కూరగాయలు, స్కూలు పిల్లలు, శుక్రవారం మసీదు, అంతే దాని లోకం. సల్వా దగ్గర సరిహద్దు దాటి, ఎడారిలో పైపులైను పక్కన వేసిన రోడ్డు పట్టుకుని రోజుల తరబడి పోయాం. కుడివైపు పైపు, ఎడమవైపు ఏమీ లేదు. బాబా వెనక సీట్లో జపమాల తిప్పుకుంటూ కూర్చునేవాడు. రోడ్డు పక్కన ఆపి చిచ్చా టీ కాచేవాడు. లెబనాన్‌లో ఇంకా యుద్ధం మొదలుకాలేదు. డమాస్కస్‌లో మేం దిగిన లాడ్జికి అర్బాబ్ ఫోన్ చేశాడు. ఆపరేషనుకి ఇంకా వారం ఉంది, బేరూత్‌కి కాదు, తిన్నగా కొండ మీదికి రండి, పిల్లలు స్కీ ఆడుతున్నారు అన్నాడట. చిచ్చా దాన్ని "స్కీ ఊరు" అని చెప్పాడు. స్కీ అనేది ఎవరో పెద్దమనిషి పేరనుకున్నాను.

మర్నాడు లెబనాన్ సరిహద్దు దాటాక, మధ్యాహ్నం దూరంగా కొండ కనిపించింది. పైభాగమంతా తెల్లగా ఉంది. ఇంత సున్నం ఎవరు కొట్టించారా అనుకుంటుండగా చిచ్చా ముందుకు వంగి చూసి, "గదే తల్జ్" అన్నాడు.

"మంచు అంటివి గద?"

"గదే మంచు."

"మంచంటె పొద్దుగాల పొగలెక్క అచ్చేది గాదా చిచ్చా?"

"నేను మంచు అన్న. పొగ అన్ననా?"

ఆయన అన్నదీ నిజమే. మన భాషలో గడ్డి మీద పడేదీ మంచే, దారి కనపడకుండా కమ్మేదీ మంచే, హిమాలయాల మీద ఉండేదీ మంచే. తెలుగు పుట్టించినవాళ్ళు ఎవరూ అక్కడికి కారేసుకుని పోతారనుకోలేదు. వెనక్కి తిప్పుదామంటే అర్బాబ్ పైన ఎదురుచూస్తున్నాడు. బాబాకి నిజం చెబుదామంటే చిచ్చా నా తొడ మీద చెయ్యి వేసి నొక్కాడు. "నోరు మూసుకొని తోలు. చెప్పినవంటె ఇద్దరం పోతం."

చలికి హీటరు పెడదామని ఆ మీట తిప్పాను. దోహాలో దాన్ని ఎవరూ ఎప్పుడూ తిప్పలేదు. ఒక్కసారి బుస్సుమని ఖతర్ ఇసకంతా మా మొహాన కొట్టింది. దుమ్ము కాలిన వాసన. బాబా వెనక నుంచి ఆ వాసన పీల్చి, తృప్తిగా ఏదో అన్నాడు. ఇంటివాసన అన్నాడనుకుంటాను.

ఇంకాస్త పైకి వెళ్ళాక రోడ్డుకి రెండువైపులా మంచు గోడలు. ఒక పోలీసు చెయ్యెత్తి ఆపాడు. మా టైర్లు చూశాడు, కొండ వైపు చూపించాడు, నా వైపు వేలు పెట్టి, "జనాజీర్, జనాజీర్" అన్నాడు. మా వైపు తురకల ఇంట్లో శవాన్ని మోసుకుపోయే పాడెను జనాజా అంటారని తెలుగువాళ్ళకు కూడా తెలుసు. నేను చిచ్చా వైపు చూశాను. చిచ్చా మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఏమంటుండు చిచ్చా?" "ఒక్క జనాజా గాదు, శాన జనాజాలంటుండు" అన్నాడు. పోలీసు మళ్ళీ కారు చూపించి, "మా ఫీ జనాజీర్?" అన్నాడు. ఇంకా చావలేదా అని అడుగుతున్నాడనుకున్నాను. చిచ్చా కళ్ళు మూసుకుని దువా చదవడం మొదలుపెట్టాడు.

అప్పుడు వెనక సీట్లోంచి నవ్వు వినపడింది. బాబా పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు, తల గుడ్డ జారి భుజం మీద పడింది. కాసేపటికి ఊపిరి తీసుకుని, ఎడమ చెయ్యి పిడికిలి బిగించి ముందుకు చాచాడు. కుడి చేత్తో తన జపమాల తీసి ఆ పిడికిలి చుట్టూ బిగించి కట్టాడు. తర్వాత ఆ పిడికిలిని సీటు మీద చక్రంలా దొర్లించాడు. టైరుకి గొలుసు. జంజీరు. ఆ మాట మా ఊళ్ళోనూ ఉంది, కాకపోతే ఆ పోలీసు నోట్లో తలకిందులై వచ్చింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. రోడ్డు పక్కనే గొలుసులు అద్దెకిచ్చే మనిషి ఒకడు నవ్వుతూ వచ్చి చక్రాలకు కట్టిపెట్టాడు.

గొలుసులు కట్టినా నాకు నడపడం రాదు గదా. మొదటి మలుపులోనే, అలవాటు కొద్దీ బ్రేకు గట్టిగా తొక్కాను. కారు నా మాట వినడం మానేసింది. స్టీరింగు ఒకవైపు, బండి ఒకవైపు. మెత్తగా, ఏ తొందరా లేకుండా లోయ వైపు జారి, మంచు గోడకు తగిలి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. చిచ్చా ఏడుస్తున్నాడు. నాకు భయం కంటే సిగ్గు ఎక్కువైంది. కళ్ళు లేని ముసలివాణ్ణి, కొడుకు నా చేతుల్లో పెట్టాడని నమ్మి కూర్చున్న మనిషిని, అబద్ధం మీద కూర్చోబెట్టి కొండెక్కిస్తున్నానని తోచింది. చిచ్చా వద్దంటున్నా వెనక్కి తిరిగాను. నాకొచ్చిన నాలుగు మాటలూ పోగుచేసుకున్నాను. "బాబా, ఆనా మాఫీ మాలూమ్. తల్జ్, అవ్వల్ మర్రా." నాకు తెలియదు, ఈ తల్జ్ మొదటిసారి.

ఆయన మొహం గట్టిపడింది. "చజ్జాబ్" అన్నాడు. అబద్ధాలకోరు అని. ఆ మాట బజారులో బేరాలాడేటప్పుడు రోజూ వినేవాణ్ణి గనక చిచ్చా చెప్పనక్కర లేకపోయింది. నన్ను దిగి పొమ్మంటాడనుకున్నాను. ఆయనే దిగాడు. కారు పట్టుకుని తడుముకుంటూ ముందుకొచ్చి, చిచ్చాను వెనక్కి పంపి, నా పక్క సీట్లో కూర్చున్నాడు. ఏం కనపడుతోందో చెప్పమని చేత్తో సైగ చేశాడు. నేను అద్దంలోంచి చూశాను. రోడ్డు, గోడ, ఆకాశం, ఏదీ విడిగా లేదు. "అబ్యద్" అన్నాను. తెలుపు. ఇంకా అన్నట్టు చెయ్యి ఊపాడు. "అబ్యద్, బాబా. అబ్యద్. అబ్యద్." ఆయన తన కళ్ళ ముందు అరచెయ్యి ఆడించుకుని, "సేమ్ సేమ్" అన్నాడు. కళ్ళకు కమ్మే ఆ పొరను వాళ్ళు తెల్లనీళ్ళు అంటారని తర్వాత తెలిసింది. నీకు కనపడేదే నాకూ కనపడుతోంది అని ఆయన అర్థం. "యల్లా" అన్నాడు, పోనివ్వమని. నత్తలా నడిపాను. ఆయన అరచెయ్యి ఎదురుగా డాష్‌బోర్డు రేకు మీదే ఉంది. చక్రం జారబోతే నాకంటే ముందు ఆయనకే తెలిసేది, చెయ్యెత్తేవాడు, నేను కాలు తీసేసేవాణ్ణి. అలా పైకి చేరాం.

పైన చూసిందేమీ నాకు అర్థం కాలేదు. మనుషులు తీగకు వేలాడే కుర్చీల్లో కష్టపడి కొండెక్కి, కాళ్ళకు చెక్కలు కట్టుకుని, ఎక్కినంతా జారి కిందకొచ్చి, మళ్ళీ తీగ దగ్గర వరసలో నిలబడుతున్నారు. ఎవరూ ఏమీ మొయ్యడం లేదు, దేనికోసమూ వెళ్ళడం లేదు. ఇంతమంది చదువుకున్నవాళ్ళకు ఇది పని అయితే, నేను ఇంకేదో తెలుసుకోవలసి ఉందని నోరు మూసుకున్నాను. నా దిగులు నాది. బాబా నన్ను రజబ్ అనడం మానేసి చజ్జాబ్ అనడం మొదలుపెట్టాడు. చజ్జాబ్, టీ. చజ్జాబ్, చెప్పులు. కొడుకు ముందు కూడా. అర్బాబ్ అది ముద్దుపేరనుకుని నవ్వేవాడు. ఈ పూట చెబుతాడు, రేపు చెబుతాడు అని నేను అన్నం కూడా సరిగ్గా తినలేదు. పని పోతుందన్న భయం ఒకటైతే, నేను ఆడని అబద్ధానికి అబద్ధాలకోరు అనిపించుకోవడం ఇంకొకటి. ఆ రెండోదే ఎక్కువ నొప్పి. అదెలా జరిగిందో చెప్పుకుందామంటే నాకు భాష లేదు. చిచ్చాతో చెప్పిద్దామంటే, అసలు గొడవంతా చిచ్చా చెప్పినందువల్లే వచ్చింది.

బేరూత్‌లో ఆపరేషను జరిగింది. చాలా రోజులు కళ్ళకు కట్లు ఉన్నాయి. కట్లు విప్పి, సీసా అడుగంత మందం కళ్ళద్దాలు పెట్టాక నన్ను పిలిచారు. బాబా నన్ను పైనుంచి కింద దాకా చూసి నోరు తెరిచాడు. "హాదా వలద్" అన్నాడు కొడుకుతో. వీడు పిల్లవాడు గదా అని. నాకు గడ్డమూ పొట్టా ఉంటాయనుకున్నాడట పాపం. ఇంత చిన్నవాడని తెలిస్తే కారెక్కకపోదునన్నాడట. అయినా తిరుగు ప్రయాణానికి విమానం ఎక్కమంటే వినలేదు. చజ్జాబ్‌తోనే వస్తానన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆయన నా పక్కనే కూర్చున్నాడు. నోరు మూసింది లేదు. కనపడినదాని పేరల్లా గట్టిగా పలికి, నన్ను తిరిగి పలకమనేవాడు. ఒంటె, లారీ, బావి, మేఘం, ముళ్ళకంప, రోడ్డు మీద చచ్చిన కుక్క. తప్పు పలికితే తొడ మీద కొట్టేవాడు. నాకొచ్చిన అరబ్బీ అంతా ఆ దారి పొడుగునా వచ్చిందే. ఇప్పుడు మా అల్లుడు ఫోన్‌లో తెలుగులో మాట్లాడితే ఫోనే అరబ్బీలో చెబుతుంది. వాళ్ళ కారు మలుపు మలుపుకీ ఎటు తిరగాలో చెబుతుంది. మంచి సంగతే, నేను కాదనను. కానీ అది చెప్పిన మాటను ఎవరూ ఆగి ఆలోచించరు. మాకు ఒక్క మాట తప్పు పడితే దాన్ని మోసుకుంటూ దేశాలు దాటి వెళ్ళాల్సి వచ్చేది. దాన్ని దించుకునే దాకా పక్కవాడి మొహం చూడక తప్పేది కాదు.

సల్వా దాటి ఖతర్‌లోకి వచ్చిన పొద్దున, తెల్లవారుతుండగా రోడ్డు మాయమైంది. సముద్రం వైపు నుంచి తెల్లగా కమ్ముకొచ్చింది. నేను లైట్లు దించి, అద్దం దించి, తల బయట పెట్టి, రోడ్డు అంచు చూసుకుంటూ, ఏ కంగారూ లేకుండా పోనిస్తున్నాను. బాబా నా చేతుల వంకే చూస్తున్నాడు. "దబాబ్" అన్నాడు బయటకు చూపిస్తూ. నేను పలికాను. మీ భాషలో దీన్నేమంటారు అని అడిగాడు.

"మంచు."

"మన్‌చూ." రెండుసార్లు అనుకున్నాడు. "కొండ మీది తల్జ్‌నో?"

"మంచు, బాబా."

ఆయన సీట్లో నావైపు పూర్తిగా తిరిగాడు. అద్దాల వెనక కళ్ళు ఇంతింత ఉన్నాయి. "ఇది మన్‌చూ. అది మన్‌చూ."

"ఐవా, బాబా" అన్నాను, అవునని.

వెనక సీట్లో చిచ్చా నోరు తెరిచి నిద్రపోతున్నాడు. బాబా వెనక్కి తిరిగి ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు, బయటి తెలుపును చూశాడు. "నువ్వు దీంట్లో నడిపావు" అన్నాడు, సగం మాటల్లో, సగం సైగల్లో.

"దీంట్లోనే, బాబా. మా ఊళ్ళో. చాలాసార్లు."

ఆయన కళ్ళద్దాలు తీసి, తల గుడ్డతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, తల బయట ఉంది గనక ఎవరికీ కనపడలేదు. చివరికి నా భుజం మీద చెయ్యి వేసి, ఒక్కొక్క మాటే, నాకు అందేలా నెమ్మదిగా అన్నాడు.

"రజబ్, ఇది నా కొడుక్కి చెప్పకు. వాడికి దీనికొకటి, దానికొకటి, రెండు మాటలున్నాయి. వాడికి అర్థం కాదు."

చిచ్చా సాయం లేకుండా, ఆయన నోటి నుంచి నాకు మొత్తంగా అర్థమైన మొదటి మాట అదే.